మైనస్ పవర్ వెనక్కి తగ్గుతుందా? గుణుపురం కుర్రాడికి నా జవాబు

ప్రశ్న ఇది: "గుణుపురం దగ్గర ఉంటాం. నాకు 21 ఏళ్ళు. రెండు కళ్ళకీ మైనస్ 1.75. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకి చదువుతున్నాను. కంటి వ్యాయామాలతో మూడు నెలల్లో అద్దాలు పోతాయని వీడియోల్లో చెప్తున్నారు. మా చెల్లికి 11 ఏళ్ళు, ఈ మధ్యే మైనస్ 1 అన్నారు. ఇప్పుడే అద్దాలు పెడితే కళ్ళు వాటికి అలవాటుపడి ఇంకా పెరుగుతుందని అమ్మ ఒప్పుకోవట్లేదు. సైటు నిజంగా వెనక్కి తగ్గుతుందా?"

వయసు రాశావు కాబట్టి నువ్వు అనే అంటాను బాబూ, ఏమీ అనుకోకు. నేను కంటి డాక్టర్ని కాదు, ఆప్టోమెట్రిస్టుని. చార్టు చదివించి, గాజులు మార్చి మార్చి చూపించి, పవర్ ఎంతో తేల్చేవాణ్ణి. ఇరవై ఏడేళ్ళుగా ఇదే పని. సగం కాలం పర్లాకిమిడిలో ఒక కళ్ళద్దాల షాపు వెనక గదిలో, సగం కాలం గజపతి, రాయగడ జిల్లాల కంటి క్యాంపుల్లో గడిచింది. నాకే మైనస్ 4.5 ఉంది. వ్యాయామాలు పనిచేసి ఉంటే అందరికంటే ముందు నేనే అద్దాలు తీసి పారేసేవాణ్ణి.

నీ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. నీది ఒకటి, చెల్లిది ఒకటి. నీకు చెప్పే జవాబు కాస్త చేదుగా ఉంటుంది. చెల్లి విషయంలో మాత్రం చేయగలిగింది చాలా ఉంది. కానీ ఆమెకి టైము లేదు, నీకు ఉంది. మీ ఇంట్లో కంగారు తిరగబడింది.

ముందు మైనస్ అంటే ఏమిటో చూద్దాం. పెద్దవాళ్ళ కన్ను ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. ముందున్న నల్లగుడ్డు మీది పారదర్శక పొర కార్నియా, లోపలి లెన్సు కలిసి వెలుగుని మడిచి వెనక ఉన్న రెటీనా అనే తెర మీద సరిగ్గా పడేలా చేస్తాయి. ఎదిగే వయసులో కన్ను కూడా ఎదుగుతుంది. కొందరికి అది అవసరానికి మించి పొడుగవుతుంది. అప్పుడు దూరపు బొమ్మ తెర మీద కాకుండా తెరకి ముందే పడుతుంది. దగ్గరివి ఆనతాయి, దూరంవి ఆనవు. కన్ను ఒక మిల్లీమీటరు పొడుగైతే సుమారు రెండున్నర నుంచి మూడు పాయింట్ల మైనస్ వస్తుంది. నీ 1.75 వెనక ఉన్న అదనపు పొడవు బియ్యపు గింజ మందంలో సగం కూడా ఉండదు. అంత చిన్న తేడా కోసం ఇంత టెన్షన్!

కానీ ఆ పెరిగిన పొడవు తగ్గదు. పదో తరగతిలో కుట్టించిన ప్యాంటు ఇంటర్‌కి వచ్చేసరికి పొట్టయితే ప్యాంటు మారుస్తాం గానీ కాళ్ళు తగ్గించుకోలేం కదా. కంటి గోడ కూడా అంతే, ఒకసారి సాగింది వెనక్కి ముడుచుకోదు. కనుగుడ్డుని అటూ ఇటూ తిప్పడం, అరచేతులు రుద్ది కళ్ళ మీద పెట్టుకోవడం, బొటనవేలిని దగ్గరికీ దూరానికీ మార్చి మార్చి చూడటం, వీటిలో ఏదీ ఆ గోడని తాకను కూడా తాకదు. ఈ వ్యాయామాలు కొత్తవి కూడా కావు. న్యూయార్క్‌లో విలియం బేట్స్ అనే కంటి డాక్టరు 1920లోనే వీటి గురించి పుస్తకం వేశాడు. కంటి చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకోవడం వల్లే చూపు పాడవుతుందని, వాటిని వదులు చేస్తే అద్దాలు అక్కర్లేదని ఆయన వాదం. వందేళ్ళు దాటిపోయింది. ఆ పద్ధతితో కన్ను పొడవు తగ్గిందని ఎవరూ కొలిచి చూపించలేదు. ఇప్పటి వీడియోలు దాన్నే సంగీతం పెట్టి మళ్ళీ అమ్ముతున్నాయి.

నా మాట నమ్మనక్కర్లేదు, నువ్వే కొలుచుకో. ఇంట్లో చిన్నప్పటి చెక్క స్కేలు గానీ టైలరు టేపు గానీ ఉంటుంది. పగటి వెలుతురులో కూర్చుని అద్దాలు తీసెయ్. ఒక కన్ను మూసుకో, నొక్కకుండా. పేపరులో చిన్న అక్షరాలు ముఖానికి దగ్గరగా పెట్టుకుని మెల్లగా దూరం జరుపు. అక్షరాల అంచులు ఎక్కడ చెదరడం మొదలైతే అక్కడ ఆగి, కంటి నుంచి పేపరు దాకా ఎన్ని సెంటీమీటర్లో చూడు. 100ని ఆ అంకెతో భాగిస్తే నీ పవర్ వస్తుంది. నీకు దాదాపు 57 సెంటీమీటర్లు రావాలి. మైనస్ 1 ఉన్నవాళ్ళకి మీటరు, మైనస్ 4 ఉన్నవాళ్ళకి 25 సెంటీమీటర్లే. వెలుతురుని బట్టి రెండు మూడు సెంటీమీటర్లు అటూ ఇటూ కావడం మామూలే. కళ్ళు చికిలించకుండా కొలవాలి, అది ముఖ్యం. ఆ అంకె గోడ మీద రాసి పెట్టు. తర్వాత ఆ వీడియోలాయన చెప్పిందంతా మూడు నెలలు చెయ్యి. 57 కాస్తా 100 అయితే నాకు రాయి. నా షాపు నేనే మూసేస్తాను.

"మరి మా ఫ్రెండ్‌కి తగ్గిందే!" అంటావు. అంటారని తెలుసు. నా దగ్గరికి ఒక డిగ్రీ కుర్రాడు వచ్చాడు. నాలుగు నెలలు వ్యాయామాలు చేశాడట. "సార్, ముందు నాలుగో వరస దాకా చదివేవాణ్ణి, ఇప్పుడు ఆరో వరస వస్తోంది" అన్నాడు. చదివించాను. నిజంగానే ఆరో వరసలో మూడు అక్షరాలు చదివాడు. అప్పుడు రెటినోస్కోప్ తీశాను. అది చిన్న టార్చి లాంటిది. కంట్లోకి వెలుగు వేసి, తిరిగొచ్చే ఎర్రటి మెరుపు ఎటు కదులుతుందో చూసి పవర్ కొలుస్తాం. చూపించుకునేవాడు నోరు విప్పక్కర్లేదు, అబద్ధమూ ఆడలేడు. ముందు ఎంతో అప్పుడూ అంతే, మైనస్ 2.25. కుర్రాడు మోసం చేయలేదు. మసకని చూసి చూసి మెదడు ఆ మసకలోంచే అక్షరాన్ని పోల్చుకోవడం నేర్చుకుంటుంది. చీకట్లో నడక చూసి ఫలానా మనిషని పోల్చుకోమూ, అలాగన్నమాట. దానికి కాస్త కళ్ళు చికిలించడం తోడైంది. పవర్ తగ్గలేదు, ఊహించడం పెరిగింది. సిగ్నల్ దగ్గర ఆ ఊహ ఎంత ప్రమాదమో లోకో పైలట్‌కి చదువుతున్నవాడివి, నీకు చెప్పక్కర్లేదు.

అయితే నిజంగా వెనక్కి పోయే మైనస్ ఒకటుంది. అది కన్ను పొడుగవడం వల్ల వచ్చేది కాదు. దగ్గరవి చూసేటప్పుడు కంటి లోపల చిన్న కండరం బిగుసుకుని లెన్సుని ఉబ్బిస్తుంది. గంటల తరబడి పుస్తకంలోనో ఫోన్లోనో తల పెట్టేవాళ్ళలో కొందరికి ఆ కండరం పట్టేసి, దూరం చూసినా వదలదు. పిక్క పట్టేసినట్టు అనుకో. అప్పుడు కంప్యూటర్ మిషన్‌లో గడ్డం పెడితే మైనస్ చూపిస్తుంది, లేదా ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లాణ్ణి తీసుకొచ్చారు. పరీక్షల ముందు హఠాత్తుగా బోర్డు ఆనలేదట, తలనొప్పి అట. వేరే చోట మిషన్ కాగితం చూసి మైనస్ 2.5 అద్దాలు ఇచ్చేశారు. అవి పెట్టుకుంటే తల తిరుగుతోందని వాడి గొడవ. డాక్టరు గారి దగ్గర చుక్కలు వేయించి, ఆ కండరం పూర్తిగా వదులయ్యాక చూస్తే అరపాయింటు కూడా లేదు. అద్దాలు తీసేశాం, రాత్రి చదువు తగ్గించమన్నాం. పది రోజుల్లో బోర్డు కనిపించింది. "అద్దాలు పోయాయి" అని ఊళ్ళో చెప్పుకునే కథల్లో నిజమైనవి కొన్ని ఇలాంటివే. పోయింది హ్రస్వదృష్టి కాదు, పట్టేసిన కండరం.

అందుకే నీకూ ఒకసారి చుక్కలు వేసి పవర్ చూడమని అడుగు. నీ 1.75లో పావో అరో ఇలా పట్టేసిందైతే అది తగ్గుతుంది. మిగతాది ఉంటుంది.

పెద్దవాళ్ళ సంగతి నీకు అక్కర్లేకపోయినా ఒక మాట, ఎవరైనా చదువుతారు. షుగర్ బాగా ఎక్కినప్పుడు తాత్కాలికంగా మైనస్ రావచ్చు. షుగర్ అదుపులోకి వచ్చాక కొన్ని వారాలకి పోతుంది. అలాంటప్పుడు కొత్త అద్దాలు చేయించుకుంటే డబ్బు దండగ. అరవై దాటాక "మా నాయనమ్మకి చత్వారం పోయింది, సూదిలో దారం అద్దాలు లేకుండానే ఎక్కిస్తోంది" అని మురిసిపోతుంటారు. అది శుక్లం ముదురుతూ వచ్చిన మైనస్. కొన్నాళ్ళకి దగ్గరదీ దూరందీ రెండూ మసకబారతాయి. ఇరవైల్లో ఉన్నవాళ్ళకి పవర్ ఏడాది ఏడాదికీ ఎగబాకుతూ, సిలిండర్ (చీటీలో పక్కన రాసే వంకర పవర్) కూడా పెరుగుతూ, కళ్ళు నలుపుకునే అలవాటు ఉంటే కార్నియా మ్యాపు తీయించాలి. కార్నియా పల్చబడి ముందుకి పొడుచుకొచ్చే జబ్బు ఒకటుంది, దానికి దారి వేరు.

ఇక చెల్లి.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. కొత్తగా పనిలో చేరినప్పుడు మా పెద్దలు ఒకటి నేర్పారు. పిల్లలకి పవర్ పూర్తిగా ఇవ్వకూడదు, ఒక మెట్టు తగ్గించి ఇస్తే కన్ను కష్టపడి నిలదొక్కుకుంటుంది అని. చాలా ఏళ్ళు అలాగే ఇచ్చాను. మైనస్ 1.5 ఉన్న పిల్లకి ముప్పావు ఇచ్చి పంపాను. మీ అమ్మగారు ఇప్పుడు అంటున్నది అదే నమ్మకానికి ఇంకో రూపం. 2002లో మలేషియాలో దీన్ని పరీక్షించారు. కొందరు పిల్లలకి పూర్తి పవర్, కొందరికి ముప్పావు పాయింటు తగ్గించి ఇచ్చి రెండేళ్ళు చూశారు. తగ్గించి ఇచ్చిన పిల్లలకే కాస్త ఎక్కువ పెరిగింది. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నేను తగ్గించి ఇచ్చిన పిల్లల్లో మా అన్నయ్య కూతురు కూడా ఉంది. ఇప్పుడు దానికి మైనస్ 6 దాటింది. పూర్తి పవర్ ఇచ్చి ఉంటే ఎంత ఉండేదో ఎవరూ చెప్పలేరు. కానీ అది అద్దాలు తుడుచుకున్నప్పుడల్లా నాకు గుచ్చుకుంటుంది.

అద్దాల వల్ల పవర్ పెరగదు. పిల్ల ఎదుగుతోంది, కన్నూ ఎదుగుతోంది, అందుకే పెరుగుతుంది. అద్దాలు పెట్టినా పెరుగుతుంది, పెట్టకపోయినా పెరుగుతుంది. పెట్టకపోతే పెరగడంతో పాటు చదువూ వెనకబడుతుంది. మీ చెల్లి ఒడియా మీడియమే అనుకుంటాను. ఒడియా అక్షరాలకి పైన గుండ్రటి గొడుగు ఉంటుంది కదా. అసలు తేడా అంతా గొడుగు కింద ఉంటుంది. మైనస్ 1 ఉన్న పిల్ల వెనక బెంచీలో కూర్చుంటే బోర్డు మీద వరసగా గొడుగులే కనిపిస్తాయి, కింద ఏముందో తెలీదు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల, బడిలో ఒడియా చదువు, పైగా అక్షరం ఆనదు. టీచరేమో మొద్దు అంటాడు. ఇలాంటి మొద్దు పిల్లల్ని నేను చాలామందిని చూశాను. అద్దం పెట్టగానే "అక్కడ అంత రాసుందా!" అంటారు.

"ఆడపిల్లకి అద్దాలేంటి, రేపు సంబంధాలు చూసేటప్పుడు?" అనే మాట మీ అమ్మగారు బయటికి అనకపోయినా మనసులో ఉండొచ్చు. దానికి నా దగ్గర తర్కం లేదు. ఇప్పుడు కాపాడకపోతే సంబంధాల వయసుకి అద్దాలు ఇంకా మందంగా ఉంటాయని మాత్రం చెప్పు. ఒక్కోసారి అది పనిచేస్తుంది.

పదకొండేళ్ళకి మొదలైన మైనస్ సాధారణంగా పదహారు పదిహేడేళ్ళ దాకా, కొందరికి ఇరవై దాటాక కూడా పెరుగుతుంది. ఎంత చిన్న వయసులో మొదలైతే అంత దూరం పోతుంది. ఈ నాలుగైదేళ్ళే మన చేతిలో ఉన్నవి. వెనక్కి తిప్పలేం గానీ పరుగుని నడకలోకి తేగలం.

మొదటిది ఖర్చు లేనిది: బయట తిరగడం. నవ్వుకోకు. చైనాలో గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటో తరగతి పిల్లలకి బడిలో రోజూ 40 నిమిషాలు ఆరుబయట పీరియడ్ అదనంగా పెట్టి మూడేళ్ళు చూశారు. ఫలితాలు 2015లో వచ్చాయి. మామూలు బళ్ళలో 39.5 శాతం మందికి మైనస్ వస్తే, ఈ బళ్ళలో 30.4 శాతం మందికి వచ్చింది. తైవాన్‌లో 2010 నుంచి బడి పిల్లలు రోజుకి 120 నిమిషాలు బయట ఉండాలని ప్రభుత్వమే కార్యక్రమం పెట్టింది. కారణం దూరం చూడటం ఒక్కటే కాదు, వెలుతురు. ట్యూబ్‌లైటు కింద టేబుల్ మీద వెలుతురు మూడు నాలుగు వందల లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క) ఉంటుంది. బయట చెట్టు నీడలో కూడా కొన్ని వేలు, ఎండలో పదివేలు దాటి లక్ష దాకా పోతుంది. అంత వెలుతురుకి రెటీనా డోపమిన్ అనే పదార్థం విడుదల చేస్తుంది, అది కన్ను పొడుగవడాన్ని అదుపు చేస్తుందని చాలా పరిశోధనలు చెప్తున్నాయి.

నేను కళ్ళారా చూసింది కూడా చెప్తాను. లెక్కలేమీ కావు, అనుభవం. కొండ మీది సవర గూడేల బళ్ళలో ఈ-చార్టు పెడితే, ఇంగ్లీషు E అక్షరం కాళ్ళు ఎటు ఉన్నాయో చేత్తో చూపించమంటాం, పిల్లలు చివరి వరస దాకా టకటకా చూపించేస్తారు. పర్లాకిమిడి ట్యూషన్ పిల్లల దగ్గరికి వస్తే నాలుగో వరసకే తల ముందుకి చాపుతారు. పొద్దున అయిదింటికి ఒక ట్యూషన్, సాయంత్రం ఇంకొకటి, మధ్యలో బడి, రాత్రి ఫోన్. వాళ్ళకి సూర్యుడు కనిపించేది ఆదివారమే.

ఒక్క నిజం దాచకూడదు. బయట తిరగడం మైనస్ రాకుండా ఆపడంలో ఎక్కువ పనిచేస్తుంది. వచ్చేశాక పెరుగుదలని ఆపడంలో దాని బలం తక్కువే. అయినా చెల్లికి రోజుకి రెండు గంటలు బయట ఉండేలా చూడండి. వంశధార గట్టు మీద ఆడనివ్వండి, మీతో పొలానికి తీసుకెళ్ళండి, ఏదైనా సరే. పుస్తకం విషయంలో ఒక కొలత: పిడికిలి చెంపకి ఆనిస్తే మోచెయ్యి ఎక్కడికొస్తుందో, అంతకంటే దగ్గరికి పుస్తకం రాకూడదు. ఫోన్ కూడా అంతే. మంచం మీద పక్కకి పడుకుని ఫోన్ చూసే పిల్లలకి ఒక కన్ను స్క్రీన్‌కి జానెడు దూరంలో కూడా ఉండదు.

రెండోది మందు. అట్రోపిన్ చుక్కలు, కానీ చాలా పల్చటివి. సింగపూర్‌లో మొదట గాఢమైన ఒక శాతం చుక్కలతో చూశారు. పెరుగుదల బాగా తగ్గింది గానీ వెలుగు తట్టుకోలేకపోవడం, పుస్తకం మసకగా కనిపించడం, మందు ఆపగానే పవర్ మళ్ళీ ఎగబాకడం, ఇవన్నీ తోడయ్యాయి. తర్వాత 0.01 శాతం దాకా పల్చన చేశారు. హాంకాంగ్‌లో 0.01, 0.025, 0.05 శాతాలు పోల్చి చూస్తే 0.05 మిగతావాటికంటే బాగా పనిచేసిందని 2019లో ప్రకటించారు. రోజూ రాత్రి పడుకునేముందు ఒక చుక్క, ఏళ్ళ తరబడి. ఇది డాక్టరు చూసి రాయాల్సిన మందు. షాపులో అట్రోపిన్ అని అడిగితే ఒక శాతం సీసా చేతిలో పెట్టే ప్రమాదం ఉంది, అది పిల్లలకి రోజూ వేసేది కాదు. జాగ్రత్త.

మూడోది ప్రత్యేకమైన అద్దాలు. మధ్యలో మామూలు పవర్, చుట్టూ వందల చిన్న చిన్న లెన్సులు తేనెపట్టులా ఉంటాయి. హాంకాంగ్‌లో రెండేళ్ళ పరీక్షలో ఇవి పెట్టుకున్న పిల్లలకి పవర్ పెరగడం దాదాపు సగానికి తగ్గింది. మామూలు అద్దాలకంటే చాలా ఖరీదు. నా షాపులో అడిగినవాళ్ళలో ఎక్కువమంది ధర విని లేచిపోతారు, వాళ్ళని తప్పుపట్టను. అవి కొనలేకపోతే పూర్తి పవర్ మామూలు అద్దాలు, చుక్కలు, ఆరుబయలు, ఇవి చాలు. రాత్రి పెట్టుకుని పొద్దున తీసేసే గట్టి కాంటాక్ట్ లెన్సులు కూడా ఉన్నాయి, కార్నియాని నొక్కి చదును చేస్తాయి. పగలంతా అద్దాలు లేకుండా కనిపిస్తుంది. మానేస్తే కొద్ది రోజుల్లో మళ్ళీ మామూలే. బోరు నీళ్ళతో లెన్సు కడిగే ఇళ్ళలో నేను వాటిని సిఫారసు చేయను. కార్నియాకి ఇన్ఫెక్షన్ వస్తే మైనస్ 1 కోసం కన్నే పోవచ్చు. మైనస్ పెరగకుండా కంట్లోకి ఎర్ర వెలుగు వేసే మిషన్లు ఆన్‌లైన్‌లో వస్తున్నాయి. వాటితో రెటీనా దెబ్బతిన్న 12 ఏళ్ళ పాప కేసు 2023లో వైద్య పత్రికలో వచ్చింది. ఇంటికి తెచ్చుకోవద్దు.

ఇంటి వైద్యాల సంగతి అడగలేదు గానీ మీ ఇంట్లో ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. పొన్నగంటి కూర తినండి, మంచి ఆకుకూర. విటమిన్ ఎ లోపంతో వచ్చే రేచీకటికి ఆకుకూరలు, గుడ్లు మేలు చేస్తాయి. మైనస్‌కి మాత్రం పనిచేయవు. నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, అంతవరకే. తేనె, ఉల్లిరసం కంట్లో పోయకండి. అరసవల్లి వెళ్ళి మొక్కుకోండి, మా ఇంట్లోవాళ్ళు రథసప్తమికి ఏటా వెళ్తారు. కానీ చూపు బాగుపడుతుందని సూర్యుణ్ణి తేరిపార చూసే పని చేయొద్దు. రెటీనా మధ్యలో కాలిన మచ్చ పడితే దానికి అద్దాలు కూడా లేవు.

ఇప్పుడు నీ ఉద్యోగం. ఇది రాయడానికి మనసొప్పట్లేదు గానీ తెలియకుండా నువ్వు రెండేళ్ళు పోగొట్టుకోవడం ఇంకా అన్యాయం. అసిస్టెంట్ లోకో పైలట్‌కి రైల్వే మెడికల్‌లో చూపు విషయంలో అన్నిటికంటే కఠినమైన ఏ-1 కేటగిరీ ఉంటుంది. అద్దాలు లేకుండా రెండు కళ్ళకీ 6/6, అంటే పూర్తి మామూలు చూపు, ఉండాలి (కింది అంకె పెరిగేకొద్దీ చూపు తక్కువని అర్థం). లాసిక్ లాంటి లేజర్ కంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళని తీసుకోరు. మైనస్ 1.75తో అద్దాలు లేకుండా 6/6 రాదు. రాత పరీక్ష పాసై, మెడికల్‌లో పోయి, నా గదిలో కూర్చుని ఏడ్చిన కుర్రాళ్ళని చూశాను. పరీక్షకి ముందు కళ్ళు చూపించుకోమని కోచింగ్‌లో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

లాసిక్ చేయించుకుని దాచేద్దామని కొందరు, రాత్రి లెన్సులు పెట్టుకుని పొద్దున మెడికల్‌కి వెళ్దామని కొందరు అడుగుతారు. కార్నియా మ్యాపు తీస్తే రెండూ తెలిసిపోతాయి. ఈ ఉద్యోగంలో మెడికల్ చేరినప్పుడు ఒక్కసారే కాదు, తర్వాత కూడా చేస్తూనే ఉంటారు. పైగా వెనక పదిహేను వందల మంది ప్రయాణికులు ఉంటారు.

రైల్వేలోనే అద్దాలతో అనుమతి ఉన్న పోస్టులు చాలా ఉన్నాయి. బి-1 కేటగిరీలో 6/9, 6/12 చాలు, అద్దాలు ఉన్నా పర్వాలేదు, పవర్ 4 దాటకూడదు. సి కేటగిరీలు ఇంకా సులువు. ఏ పోస్టుకి ఏ కేటగిరీయో నోటిఫికేషన్‌లోనే పట్టికలో ఉంటుంది. ఫారం నింపేముందు ఆ పట్టిక చూడు. నీ చదువు వృథా కాదు, పోస్టు పేరు మారుతుంది.

రైల్వే డ్రైవర్ పోస్టు వదిలేశాక, అద్దాలు చిరాకనిపిస్తే, లాసిక్ గురించి ఆలోచించొచ్చు. పవర్ కనీసం ఏడాది పాటు మారకుండా ఉండాలి. కార్నియా మందం సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది. లేజర్ అందులోంచే కొంత చెక్కుతుంది కాబట్టి పల్చటి కార్నియా ఉన్నవాళ్ళకి చేయరు. బాగా పనిచేస్తుంది, నా దగ్గరి బంధువులు చేయించుకున్నారు. కానీ అది కూడా మైనస్‌ని వెనక్కి తిప్పడం కాదు. కన్ను లోపల అదే పొడవు ఉంటుంది, ముందు గాజు మాత్రం చెక్కుతారు. అందుకే మైనస్ 6 దాటినవాళ్ళు లాసిక్ తర్వాత కూడా ఏటా రెటీనా చూపించుకోవాలి, సాగిన రెటీనా చినిగే ప్రమాదం పోదు. కంటి ముందు హఠాత్తుగా మెరుపులు, నల్ల చుక్కల వాన, పక్క నుంచి తెర దిగినట్టు అనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. నీ పవర్‌కి ఆ భయం తక్కువే.

చెల్లిని ఎక్కడ చూపించాలంటే, మీకు దగ్గరలో రాయగడలో ఎల్వీ ప్రసాద్ వాళ్ళ కంటి కేంద్రం ఉంది. పెద్ద పరీక్షలకి విశాఖపట్నం గానీ భువనేశ్వర్ గానీ పంపుతారు. బ్రహ్మపురం మెడికల్ కాలేజీలో కూడా కంటి విభాగం ఉంది. వెళ్ళగానే "చుక్కలు వేసి పవర్ చూడండి" అని మీరే అడగండి, మిషన్ కాగితంతో సరిపెట్టుకోవద్దు. వీలైతే కన్ను పొడవు కూడా కొలిపించండి. ఆ మిల్లీమీటర్ల అంకె కాగితం మీద రాయించుకుని, ఆరు నెలలకోసారి మళ్ళీ కొలిపిస్తే పరుగు తగ్గిందో లేదో తెలుస్తుంది. చుక్కలు వేశాక ఒకటి రెండు రోజులు పుస్తకం ఆనదు, ఎండలో కళ్ళు తెరవడం కష్టం. కాబట్టి పరీక్ష ముందురోజు తీసుకెళ్ళకండి. శనివారం పొద్దున వెళ్ళండి, ఒక టోపీ పట్టుకెళ్ళండి. తిరుగు బస్సులో కిటికీ పక్కన మాత్రం కూర్చోబెట్టకండి.